మీ తర్వాత ఆ పొలం ఎవరిది?

వీలునామా, దాన దస్తావేజు, భాగపరిష్కారం గురించి చిన్న రైతు తెలుసుకోవలసిన సంగతులు

ఎకరంన్నర మెట్ట, అరెకరం మాగాణి. తండ్రి పోయి తొమ్మిదేళ్లయింది. పాసుపుస్తకం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. పెద్దోడు దున్నుకుంటున్నాడు. చిన్నోడు హైదరాబాదులో పని చేసుకుంటున్నాడు. కూతురు అత్తవారింట ఉంది. తల్లి పెద్దోడి వసారాలో మంచం వేసుకుంది. పంట రుణానికి బ్యాంకుకు పోతే పేరు మార్పించుకు రమ్మంటారు. పేరు మార్చాలంటే అందరి సంతకాలూ కావాలి. సంతకాలు అడిగేసరికి పాత పట్టింపులన్నీ పైకొస్తాయి.

ఇలాంటి ఇల్లు మీ ఊళ్లో ఒక్కటైనా ఉంటుంది. మీ ఇల్లే కావచ్చు కూడా.

వీలునామా అంటే అదేదో వందెకరాల ఆసాములకు, పట్నంలో మేడలున్న వాళ్లకు అనుకుంటారు మన రైతులు. నిజానికి ఆ అవసరం చిన్న రైతుకే ఎక్కువ. ఇరవై ఎకరాల వాళ్లు కోర్టుకెక్కితే నాలుగెకరాలు పోయినా మిగతాది మిగులుతుంది. రెండెకరాల వాళ్లు ఎక్కితే ఆ రెండూ వకీలు ఫీజులకీ, బస్సు చార్జీలకీ చాలవు. బతికుండగా చావు మాట ఎందుకని వెనకాడొద్దు. విత్తనం వేసేనాడే కోత గురించి ఆలోచించే వాళ్లం మనం. ఇదీ అలాంటిదే.

ముందు ఏ భూమి ఎలా వచ్చిందో చూసుకోండి

ఒకే పాసుపుస్తకంలో ఉన్నా అన్ని సర్వే నంబర్ల మీదా మీకు ఒకే రకం హక్కు ఉండదు. కాగితాలు ముందేసుకుని మూడు కుప్పలుగా విడదీయండి.

మొదటిది స్వార్జితం. మీ కష్టార్జితంతో కొన్నది, మీకు దానంగానో వీలునామా ద్వారానో వచ్చింది. దీన్ని మీ ఇష్టం వచ్చినవారికి రాయొచ్చు. కొడుకులు అడ్డుపడలేరు.

రెండోది పిత్రార్జితం, అంటే తరాలుగా వస్తున్న ఉమ్మడి ఆస్తి. ఇందులో మీ పిల్లలకు పుట్టుకతోనే వాటా ఉంటుంది. మీరు వీలునామా రాయగలిగేది మీ వాటా వరకే. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం కాదు. మీ తండ్రి సొంతంగా సంపాదించిన భూమి, 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక ఆయన చనిపోయి మీకు సంక్రమిస్తే, మామూలుగా అది మీ చేతిలో మీ సొంత ఆస్తే అవుతుంది. అందుకని భూమి ఎప్పుడు, ఎవరి నుంచి, ఏ కాగితం ద్వారా వచ్చిందో రాసి పెట్టుకోండి. అనుమానముంటే ఆ కాగితాలు వకీలుకు చూపించండి.

మూడోది ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ పట్టా భూమి. ఇది వారసులకు వస్తుంది గానీ, అమ్మకానికీ దానానికీ ప్రత్యేక ఆంక్షలున్నాయి. దీని మీద ఏ దస్తావేజు రాయించే ముందైనా తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. ఏజెన్సీ ప్రాంతంలో భూమి నిబంధనలు వేరు. షెడ్యూల్డ్ తెగల వారికి హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు.

మీరు ఏమీ రాయకపోతే ఏమవుతుంది?

మీరు రాయకపోతే చట్టం రాసిపెట్టినట్టు పంపకం జరుగుతుంది. ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి.

ఒక రైతుకు నాలుగెకరాలుంది. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఆ నాలుగెకరాలూ స్వార్జితమైతే, వీలునామా లేకుండా ఆయన పోతే నలుగురికీ తలా ఎకరం. ఆయన తల్లి కూడా బతికుంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది. అప్పుడు అయిదుగురికీ తలా 80 సెంట్లు.

అదే నాలుగెకరాలు పిత్రార్జితమైతే, తల్లి లేదనుకుంటే, లెక్క మారుతుంది. ముందు ఆ రైతుకు ఒక వాటా, ముగ్గురు పిల్లలకు మూడు వాటాలు, అంటే తలా ఎకరం వస్తుంది. ఆ తర్వాత ఆయన ఎకరాన్ని భార్య, ముగ్గురు పిల్లలు పంచుకుంటారు, తలా 25 సెంట్లు. చివరికి ఒక్కో బిడ్డకు ఎకరం పాతిక సెంట్లు. నలభై ఏళ్లు ఆయనతో పాటు నాట్లేసి, కలుపు తీసిన భార్యకు మిగిలేది పాతిక సెంట్లు.

ఇక్కడే మీ సంతకం విలువ తెలుస్తుంది. ఆ రైతు తన వాటా ఎకరాన్ని భార్య పేర వీలునామా రాసి ఉంటే ఆమెకు పాతిక సెంట్లు కాదు, ఎకరం దక్కేది. ముసలితనంలో ఆమె ఒకరి వసారాలో మంచానికి చెయ్యి చాచే పని ఉండేది కాదు.

ఈ లెక్క హిందువులకు. క్రైస్తవ కుటుంబాల్లో వీలునామా లేకపోతే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా వెళుతుంది. ముస్లిం కుటుంబాల్లో వాటాలు వారి ధర్మశాస్త్రం ప్రకారం ఉంటాయి. అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో మూడో వంతుకు మించి వీలునామా రాస్తే వారసుల ఒప్పుదల కావాలి.

ఆడపిల్లకు పెళ్లి చేశాం కదా, ఇంకేం వాటా?

ఈ మాట ఇంకా వినపడుతూనే ఉంది. మన రాష్ట్రం ఈ విషయంలో దేశం కంటే ముందే నడిచింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయినవారితో సహా కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న నియమం ఏమీ లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు ద్వారా గానీ కోర్టు డిక్రీ ద్వారా గానీ జరిగిపోయిన పంపకాలను మాత్రం ఇప్పుడు కదపలేరు.

కట్నకానుకలు ఇచ్చామన్నంత మాత్రాన వాటా పోదు. కూతురు మనస్ఫూర్తిగా అన్నదమ్ములకు వదిలేస్తానంటే నోటి మాట చాలదు. సబ్ రిజిస్ట్రారు దగ్గర హక్కు విడుదల దస్తావేజు రాసివ్వాలి. అది కూడా ఆమె చదివి, అర్థం చేసుకుని చేయాల్సిన సంతకం. రాఖీ పండక్కి పిలిచి తెల్లకాగితం మీద పెట్టించుకునే సంతకం కాదు.

పిల్లల్లేని ఆడవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. భర్త పోయి, పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే, ఆమె కూలి డబ్బుతో కొనుక్కున్న భూమి కూడా ముందు భర్త తరఫు వారసులకే పోతుంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చింది మాత్రం తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. ఆఖరి రోజుల్లో చూసుకున్న చెల్లెలి కూతురికి ఇద్దామనుకుంటే రాసి తీరాలి.

వీలునామా ఎలా రాయాలి?

దీనికి స్టాంపు కాగితం అక్కర్లేదు. స్టాంపు డ్యూటీ లేదు. తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చెల్లుతుంది. పద్దెనిమిదేళ్లు నిండి, తెలివిలో ఉన్న ఎవరైనా రాయొచ్చు. చట్టం గట్టిగా పట్టుబట్టేది సంతకం, సాక్షుల గురించి. మీరు సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు మీరు వేస్తుండగా చూసి, లేదా నేనే వేశానని మీరు చెప్పగా విని, మీ ఎదుట సంతకాలు చేయాలి.

ఇంతవరకు చట్టం. మిగతాది జాగ్రత్త.

సాక్షులుగా మీకంటే చిన్నవాళ్లను పెట్టుకోండి. మీ తర్వాత తగాదా వస్తే ఇద్దరిలో ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. మీ ఈడు వాళ్లనే పెట్టుకుంటే అప్పటికి వాళ్లూ ఉండకపోవచ్చు. ఆస్తి తీసుకునేవారిని, వారి భార్యాభర్తలను సాక్షులుగా పెట్టొద్దు.

భూమి వివరాలు పాసుపుస్తకం, 1-బి చూసి రాయండి. గ్రామం, మండలం, సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఉండాలి. "చెరువు కింద చెక్క పెద్దోడికి" అని రాస్తే రేపు ఆ చెరువు కింద రెండు చెక్కలు తేలతాయి. బోరు, మోటారు, కరెంటు సర్వీసు, దారి ఎవరికో విడిగా రాయండి. పొలం పంచి బోరు సంగతి మరిచిపోయిన ఇళ్లలోనే తగాదా ఎక్కువ.

భార్యకు ఇస్తున్నప్పుడు సర్వహక్కులతో ఇస్తున్నారా, ఆమె జీవితకాలం అనుభవించి తర్వాత ఫలానా వారికి వెళ్లాలా అన్నది విడమరచి రాయండి. ఈ ఒక్క ముక్క సరిగా లేక కేసులు ఏళ్లకేళ్లు నడుస్తాయి. ఇది రాసేటప్పుడు వకీలు సలహా తీసుకుంటే మంచిది.

ఎవరికైనా ఇవ్వకపోతే కారణం ఒక వాక్యంలో చెప్పండి. "చిన్న కుమారుడి చదువుకు, ఇంటికి ఇదివరకే ఇచ్చినందున" అంటే చాలు. ఏమీ చెప్పకుండా ఒకరిని వదిలేస్తే కోర్టు అనుమానంగా చూస్తుంది. ఆస్తి తీసుకునేవాడే దగ్గరుండి రాయించినా, మంచం మీద స్పృహ లేని స్థితిలో వేలిముద్ర వేయించినా అంతే. వయసు మళ్లినవారు అదే రోజు డాక్టరు దగ్గర తెలివిగా ఉన్నారన్న సర్టిఫికెట్ తీసుకుని జత చేస్తే బలం. చదువు రాని వారైతే, రాసినది చదివి వినిపించామని రాసినవారు కింద రాసి సంతకం చేయాలి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ చేయిస్తే మేలు. కాగితం చెదలు తిన్నా, ఎవరైనా దాచేసినా రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు ఉంటుంది. మీరు బతికున్నంతకాలం ఆ నకలు మీకు తప్ప వేరెవరికీ ఇవ్వరు. కాబట్టి పిల్లలకు తెలిసిపోతుందన్న భయం వద్దు. రిజిస్టరు చేయించారు గనక ఇక తిరుగులేదని మాత్రం అనుకోవద్దు. తగాదా వస్తే దాన్నీ సాక్షితో రుజువు చేయాల్సిందే.

వీలునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చెల్లేది చివరిదే. కొత్తది రాసినప్పుడు "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు చేస్తున్నాను" అని ఒక మాట చేర్చండి.

దాన దస్తావేజు: తొందరపడొద్దు

వీలునామా మీరు పోయాక పనిచేస్తుంది. దాన సెటిల్మెంట్ దస్తావేజు ఈ రోజే పనిచేస్తుంది. తేడా అంతా ఇక్కడే ఉంది. దానానికి రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షులు, తీసుకునేవారి అంగీకారం తప్పనిసరి. మార్కెట్ విలువ మీద స్టాంపు డ్యూటీ ఉంటుంది. రేటు ఎంతో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనే అడగండి. ఒకసారి రిజిస్టరయితే మీ అంతట మీరు వెనక్కి తీసుకోలేరు. ఉమ్మడి ఆస్తిలో విడదీయని మీ వాటాను మిగతా వాటాదార్ల సమ్మతి లేకుండా దానమిస్తే చెల్లదని, వీలునామా మాత్రం రాయొచ్చని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో 1987లో సుప్రీంకోర్టు చెప్పింది.

"నాన్నా, నా పేర రాస్తే లోను వస్తుంది" అని కొడుకు అడుగుతాడు. బిడ్డే కదా అని రాసిచ్చేస్తారు. ఏడాది తిరక్కుండా కంచంలో అన్నం తగ్గుతుంది. అందరు కొడుకులూ ఇలాగే ఉంటారని కాదు. కానీ ఉన్న ఒక్క ఆధారాన్ని చేతులారా వదులుకునే ముందు ఆలోచించండి.

ఇవ్వక తప్పకపోతే రెండు పనులు చేయండి. ఒకటి, మీరూ మీ భార్యా బతికున్నంతకాలం పంట అనుభవం మీదేనని దస్తావేజులో రాయించండి. రెండు, తిండి, బట్ట, వైద్యం చూసుకోవాలన్న షరతు మీదే ఇస్తున్నానని స్పష్టంగా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం, అరవై ఏళ్లు నిండినవారు అలాంటి షరతుతో ఇచ్చిన ఆస్తిని, షరతు తప్పితే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. మన దగ్గర ఆ ట్రిబ్యునల్ ఆర్డీవో కార్యాలయంలో ఉంటుంది. వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వొచ్చు. షరతు కాగితంలో లేకపోతే అక్కడ వాదన కష్టమవుతుంది. దస్తావేజు లేఖరి "అదంతా ఎందుకు పెదనాన్నా" అన్నా మీరు పట్టుబట్టి రాయించండి.

భాగపరిష్కారం

అన్నదమ్ములు గట్టు మీద నిలబడి పెద్దమనుషుల ముందు తాడు పట్టి పంచుకోవడం మనకు అలవాటు. ఆ తరం ఉన్నన్నాళ్లు ఆ మాట నిలుస్తుంది. తర్వాతి తరంలో మనవళ్లు కాగితం ఏదంటారు. ముందు సర్వేయరుతో కొలిపించి, సబ్ డివిజన్ చేయించి, ఆ తర్వాత భాగపరిష్కార దస్తావేజు రాసి రిజిస్టరు చేయించుకోండి. అక్కచెల్లెళ్లను వదిలేసి చేసే భాగపరిష్కారం రేపు కోర్టులో నిలవడం కష్టం. ఎవరి వాటాకు దారి ఎటు, కాలవ నీళ్లు ఎవరి తర్వాత ఎవరికి అన్నది కూడా అందులో రాయండి.

ప్రొబేటు, ట్రస్టు మాటేమిటి?

ప్రొబేటు అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లో రాసిన హిందువుల వీలునామాలకు, అక్కడి స్థిరాస్తులకు 1925 వారసత్వ చట్టం కింద ఇది తప్పనిసరిగా ఉండేది. మన జిల్లాల్లోని పొలాలకు ఆ నిబంధన అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కాబట్టి "ప్రొబేటు తెస్తేగాని వీలునామా చెల్లదు" అని ఎవరైనా డబ్బులడిగితే నమ్మొద్దు. వారసులు ఒప్పుకోకపోతే మాత్రం సివిల్ కోర్టులో వీలునామాను రుజువు చేసుకోవాలి.

ట్రస్టు అంటే ఒకరి మేలు కోసం ఆస్తిని వేరొకరి చేతిలో పెట్టడం. భూమిని ట్రస్టు కింద పెట్టాలంటే రిజిస్టరు దస్తావేజు కావాలి. రెండు మూడెకరాల రైతుకు మామూలుగా దీని అవసరం రాదు. బుద్ధిమాంద్యం లాంటి వైకల్యం ఉన్న బిడ్డ ఉంటే మాత్రం ఆలోచించాలి. అలాంటి బిడ్డకు సంరక్షకుణ్ణి నియమించడానికి 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. మైనరు పిల్లల పేర వచ్చిన భూమిని తల్లయినా తండ్రయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదని కూడా గుర్తుంచుకోండి.

ఇంటిపెద్ద పోయాక చేయవలసినవి

మరణాన్ని 21 రోజుల్లోగా పంచాయతీలో నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోండి. కాపీలు నాలుగైదు తీసిపెట్టుకోండి.

కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో గానీ సచివాలయంలో గానీ దరఖాస్తు పెట్టండి. అక్కచెల్లెళ్ల పేర్లు దాచొద్దు. ఇవాళ దాచినది రేపు పత్రమే రద్దయ్యేలా చేస్తుంది.

ఆ పత్రాలు, వీలునామా ఉంటే దాని నకలు జతచేసి మ్యుటేషన్‌కు దరఖాస్తు చేయండి. తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవోకు అప్పీలు ఉంది. తెలంగాణ వైపు భూమి ఉన్నవారికి 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం నడుస్తోంది. అక్కడా వారసత్వ మార్పునకు తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి విచారిస్తారు. ఒక సంగతి మరవొద్దు. పాసుపుస్తకంలో పేరు ఎక్కినంత మాత్రాన మిగతా వారసుల హక్కు పోదు.

బ్యాంకులో డబ్బుకు నామినీ పేరు ఉంటే డబ్బు నామినీ చేతికిస్తారు. కానీ ఆ డబ్బు అతని సొంతం కాదు, వారసులందరిదీ. నామినీ లేక తగాదా ఉంటే కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మంటారు. ఆ సర్టిఫికెట్ డబ్బు బాకీలకే గానీ భూమికి కాదు.

పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 తర్వాత పేరు మారిన భూములను లెక్కలోకి తీసుకోరు. తండ్రి మరణంతో వారసత్వంగా వచ్చినవాటికి మాత్రం మినహాయింపు ఉంది. పేరు మార్పు ఆలస్యమైతే ఆ సాయమూ ఆగిపోతుంది. తండ్రి చేసిన అప్పు ఆయన వదిలి వెళ్లిన ఆస్తి మేరకే వారసులకు వస్తుంది. ఆస్తి ఏమీ రాని కొడుకు మీద షావుకారు ఒత్తిడి తెస్తే చట్టం అతని పక్షాన లేదు.

ఈ వారంలో ఇవి చేయండి

ఒక సాయంత్రం పాసుపుస్తకం, 1-బి, అడంగల్, పాత దస్తావేజులు, బ్యాంకు పుస్తకాలు ఒకచోట చేర్చండి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీయించి మీ భూమి మీద ఏ లావాదేవీ ఉందో చూసుకోండి. మీ తండ్రి పేరు మీద ఇంకా ఏమైనా ఉంటే ముందు దాన్ని మార్పించండి. మీ పేరు మీద లేని భూమిని మీ పిల్లలకు చిక్కు లేకుండా ఇవ్వలేరు. ఆ తర్వాత భార్యను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. పొలంలో సగం పని ఆమెదే. రాసే కాగితంలో ఆమె మాట ఉండాలి.

వకీలుకిచ్చే స్తోమత లేదని ఆగొద్దు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా సలహా ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగొచ్చు.

కాగితం రాశాక అది ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా చెప్పండి. దూలం మీద దాచి, ఎవరికీ చెప్పకుండా పోతే రాయనట్టే లెక్క.